కదలొద్దన్న మోకాలు

డాక్టర్ విశ్వంభరం గారికి ఒక అలవాటుంది. మోకాళ్ల నొప్పులని ఎవరొచ్చినా వాళ్లు తెచ్చిన ఎక్స్‌రే కవరు వెంటనే తెరవరు. బల్లమీద బోర్లా పెట్టి, "ఆ కిటికీ దాకా నడిచి రామ్మా" అంటారు. ఫిల్ము చూడటం ఆఖర్న. చీరాలలో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న డాక్టర్ అలేఖ్యకు ఇది మొదట్నుంచీ వింతగానే ఉండేది. ఆమెకు అంకెలంటే ప్రాణం. ఫిల్ము చేతికి రాగానే స్కేలు పెట్టి, మోకాలి ఎముకల మధ్య సందు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి నోటు పుస్తకంలో రాసుకునేది. దాని పక్కనే, రోగి చెప్పిన నొప్పికి పదికి ఎన్ని మార్కులో వేసేది.

ఏడాది తిరిగాక ఒక సాయంత్రం ఆ పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"సార్, రెండు వందల పద్నాలుగు మోకాళ్లు కొలిచాను. సందు తగ్గినకొద్దీ నొప్పి పెరగాలి కదా. ఎనభై ఆరింటిలో లెక్క కుదర్లేదు. తప్పు ఫిల్ముదా, నాదా?"

ఆయన పేజీలు తిప్పుతూ ఒక పేరు దగ్గర ఆగారు. "గుత్తి నాంచారమ్మ. ఈవిడ మళ్లీ వచ్చిందా?"

"లేదు సార్, మూడు నెలలైంది. తగ్గిపోయుంటుంది."

ఆయన లేచి బీరువాలోంచి రంగు మాసిన కవరొకటి తీశారు. "రేపు పొద్దున్నే ఈపూరుపాలెం వెళ్దాం."

నాంచారమ్మ అలేఖ్యకు బాగా గుర్తుంది. అరవై నాలుగేళ్ల నేతగత్తె. కుళాయి దగ్గర కాలు జారి, వాచిన కుడి మోకాలితో వచ్చింది. అలేఖ్య ఆమె ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి విడమరిచి చెప్పింది. "చూడమ్మా, మధ్యలో గుజ్జంతా అరిగిపోయింది. ఒక్క మిల్లీమీటరే మిగిలింది. ఇక మోకాలు కదపకుండా జాగ్రత్తగా చూసుకో." అంత స్పష్టంగా చెప్పగలిగినందుకు ఆ రోజు తనను తానే మెచ్చుకుంది కూడా.

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి నాంచారమ్మ గుమ్మం ముందు ఇసుక కుప్ప పోసి ఉంది. కొడుకు వీరాస్వామి ఎదురొచ్చాడు.

"అమ్మ మగ్గం గుంట పూడుస్తన్నామండీ. ఎల్లుండి మేస్త్రీ వస్తాడు. ఈ డాక్టరమ్మ గారే గదా కదపొద్దంది! గుంట ఉంటే ఏదో ఒక పూట దిగేస్తదని నా భయం."

లోపల, కాళ్లు దించి చెక్కలు తొక్కే గుంట మీద మగ్గం, దానిపై పాత దుప్పటి కప్పి ఉంది. అంచు పక్కకు తొలగినచోట చిలకపచ్చ చీర కనిపిస్తోంది, ఇంకా రెండు గజాలు నేయాల్సింది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో నాంచారమ్మ. కుడి మోకాలి మీద మడతపెట్టిన తువ్వాలు.

"మీరు చెప్పినట్టే చూసుకుంటన్నానమ్మా," అంది అలేఖ్యతో. "వీధిలోకి కూడా పోవట్లా. ఆ ఒక్క మిల్లీమీటరూ అయిపోతే ఇంకేముందని."

విశ్వంభరం గారు అడిగారు. "నొప్పి ఎట్లా ఉంది నాంచారమ్మా?"

"నొప్పిదేముందయ్యా! అది ఎప్పటినుంచో ఉన్నదేగా. మగ్గంలో కూచుంటే అదీ నా పక్కన కూచునేది. ఇప్పుడు దాంతో ఒక్కదాన్నే కూచుంటన్నా."

అంతలో పక్కింట్లో మగ్గం మొదలైంది. నాంచారమ్మ మాట ఆపింది. చూపు దుప్పటి మీదికి పోయింది. గోడకవతల పోగును మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే, కుర్చీ కింద ఆమె పాదాలు నేలను తొక్కుతున్నాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. తువ్వాలు జారి కిందపడింది. ఆమెకు తెలియలేదు. ఉన్నట్టుండి పక్కింటి చప్పుడు ఆగింది. పాదాలూ ఆగాయి.

"పోగు తెగింది," అంది నాంచారమ్మ, తన మగ్గంలోనే తెగినట్టు.

అలేఖ్య గురువు వైపు చూసింది. ఆయన మాసిన కవరు చేతికిచ్చారు. ఆమె ఫిల్ము తీసి గుమ్మం వెలుతురుకు ఎత్తి, అలవాటుగా స్కేలు పెట్టింది. ఒక్క మిల్లీమీటరు. మూలన తేదీ చూసింది. ఏడేళ్ల కిందటిది. పేరు చూసింది. గుత్తి నాంచారమ్మ.

"అప్పుడు సార్ నీకేం చెప్పారమ్మా?"

"అరిగిందన్నాడు. పని చేసుకో, వాస్తే రా అన్నాడు. అంతేగా!"

"నెలకెన్ని చీరలు నేసేదానివి?"

"ఎనిమిది. అంగుళానికి అరవై పోగులు."

పోగుకో తొక్కుడు చొప్పున ఆరు గజాల చీరకు సుమారు పదమూడు వేల తొక్కుళ్లు. అందులో కుడికాలివి సగం. అలేఖ్య పెదవులు కదిలాయి. "ఏడేళ్లలో నలభై మూడు లక్షల అరవై ఎనిమిది వేలు. ఈ ఒక్క మిల్లీమీటరుతోనే."

"అమ్మో, అన్ని తొక్కానా!" నాంచారమ్మ మూడు నెలల తర్వాత నవ్వింది. "అప్పుడే చెప్పుంటే అలిసిపోయేదాన్ని గదే తల్లీ!"

అలేఖ్య కింద కూర్చుని ఆ మోకాలిని రెండు చేతుల్లోకి తీసుకుంది. వంచింది, చాపింది. వాపు లేదు. "తప్పు నాదమ్మా. మూడు నెలలు నిన్ను ఊరికే కూర్చోబెట్టాను." తర్వాత వీరాస్వామి వైపు తిరిగింది. "ఆ ఇసుక పారబోయకండి. గుంట పూడ్చకుండా, దాంతోనే దిగడానికి ఒక మెట్టు కట్టించండి."

మెట్టు కట్టేదాకా ఆగే ఓపిక నాంచారమ్మకు లేదు. కొడుకు భుజం పట్టుకుని, "అబ్బా" అంటూనే గుంటలోకి దిగింది. దుప్పటి తీసి మడతపెట్టింది. చీర మీది దుమ్మును పైటకొంగుతో, పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడిచింది. కుడికాలు చెక్క మీద మోపి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నాడె కదిలింది.

తిరుగు దారిలో ఆటో ఊరు దాటాక అలేఖ్య అంది. "ఫిల్ము అబద్ధం చెప్పలేదు సార్. నేను కొలిచిందీ సరిగ్గానే ఉంది. మరి తప్పెక్కడ?"

విశ్వంభరం గారు ఒళ్లో ఉన్న కవరును బోర్లా తిప్పారు.

"ఎక్స్‌రే తీసేటప్పుడు కదలొద్దంటాం గదమ్మా," అన్నారు. "తీశాక, ఇక కదలొచ్చని చెప్పడం మరిచిపోతుంటాం."