మందుకొట్టులో పాలపొంగు

ఎప్పుడో మనవడి పెళ్ళినాడు కాల్చినా తన ఫిరంగి ఫెళ్ళున పేలాలని ధవళగిరి రాజుగారికి కోరిక పుట్టింది. మరి అందాకా మందుగుండుకి చెమ్మ తగలకుండా, నిప్పు సోకకుండా దాచేదెలా?

"నాకొదిలేయండి ప్రభూ!" అన్నాడు ఆయుధశాల అధిపతి గజపాలరాయుడు, మీసం దువ్వుతూ.

ఊరికి దూరంగా గాలాడే గుట్ట ఒకటుంది. మందు దాచడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ దానిమీద రాయుడి విలాసమందిరం ఉంది! అందుకని నేతవీధి నడిబొడ్డున రాతికొట్టు కట్టించాడు. రక్షణ కోటకి, గండం మగ్గానికి. ఇదేమని అడిగితే రాజద్రోహం!

రాజుగారికి తాంబూలం అందించే ముమ్మక్క పుట్టిల్లు సరిగ్గా ఆ కొట్టు పక్కనే. అన్నావదినలు, పిల్లలు అందరూ అక్కడే. అయినా ముమ్మక్క నవ్వుతూనే ఆకులకు సున్నం రాసింది.

మందు పీపాలన్నీ చేరాక రాజుగారు చూడవచ్చారు.

"పిడుగు పడ్డా దీనికేమీ కాదు ప్రభూ!" అన్నాడు రాయుడు.

"కొత్త కట్టడం కదా ప్రభూ, పాలు పొంగించొద్దూ?" అంది ముమ్మక్క, పాలగిన్నె ముందుపెట్టి.

రాజుగారికి ఆనవాయితీ అంటే ప్రాణం. "అవునవును! కట్టించినవాడే పొంగించాలి. కానీయ్, రాయుడూ!"

వీధి చివర ముమ్మక్క వదిన నిప్పుల కుంపటితో సిద్ధంగా నిలబడి ఉంది. రాయుడి మీసం వాలిపోయింది.

"బయట పొంగిద్దాం ప్రభూ..."

"ఇల్లు కట్టి వీధిలో పొంగిస్తారా ఎవరైనా?" అంది ముమ్మక్క.

"లోపల మందుంది!"

"పిడుగుకే బెదరనిది పిడికెడు నిప్పుకి బెదురుతుందా అయ్యా?"

"అదీ నిజమే," అన్నారు రాజుగారు. "అమ్మాయ్, కుంపటి పట్రా!"

వదిన ఒక్క అడుగు వేసింది. అంతే, రాయుడు ఆమె కాళ్ళమీద పడినంత పనిచేశాడు.

"అక్కడే ఆగు తల్లీ! ఒక్క రవ్వ పడితే వీధంతా గాల్లోకి లేచిపోతుంది!"

ముమ్మక్క మెల్లగా అంది:

"ఆ ముక్క తమరి నోట వినడానికే అయ్యా, పొద్దుటినుంచీ ఈ పాలు విరక్కుండా కాపాడుతున్నాను."

రాజుగారు తలపాగా జారేలా నవ్వారు. "పీపాలన్నీ గుట్టమీదికి! రాయుడి మందిరంలోకి! ముమ్మక్కా, ఏం కావాలో కోరుకో."

"ఈ కొట్టు మా మగ్గాలకి ఇప్పించండి ప్రభూ."

"ఇచ్చాను!"

పీపాలు తరలి, నేల కడిగాక, ఖాళీ కొట్టులో పొయ్యి వెలిగింది. కట్టించినవాడే పొంగించాలి కదా! రాయుడు కళ్ళు నలుపుకుంటూ పిడకలు ఊదాడు. ముందు పాలు పొంగాయి, ఆ వెంటనే నేతవీధి నవ్వు పొంగింది.