పని ఉన్నవారికి మాత్రమే

రామచంద్రపురం గానుగ వీధిలో గవర్రాజు అనే ఒకాయన ఉండేవాడు. రూలు ఒకటి కనపడితే చాలు, అందులో సందు వెతికితే గాని ఆయనకు అన్నం సహించేది కాదు. ఒకసారి ఆసుపత్రి గుమ్మం దగ్గర "ఇచ్చట చెప్పులు విడువరాదు" అని రాసి ఉంటే, సరిగ్గా అక్కడే ఒక్క చెప్పు విడిచాడు. "చెప్పులు విడవొద్దన్నారు గాని, చెప్పు విడవొద్దని ఎక్కడ రాశారు?" అని నర్సమ్మను నిలదీశాడు. ఒంటి చెప్పుతో టపటపలాడుతూ లోపలికి నడిచాడు. గెలిచానన్న సంతోషం ముందు అలా కుంటుతూ నడవడం ఆయనకో లెక్క కాదు.

ఆ వీధికి ఇరవై ఏళ్ళుగా సరైన రోడ్డు లేదు. వాన పడితే మోకాటి లోతు బురద. అందరికన్నా ఎక్కువ అవస్థ పడింది గవర్రాజు ఎదురింటి కనకరత్నం. చిన్నప్పుడే ఆవిడకు కాళ్ళు చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద బజారులోని తన కుట్టు దుకాణానికి వెళ్ళేది. వానాకాలంలో మాత్రం ఇద్దరు మనుషులు ఆ బండిని మోసుకెళ్ళి పెద్ద రోడ్డు మీద పెట్టాల్సిందే.

"బడులు తెరిచేసరికి సిమెంటు రోడ్డు అయిపోతుందట అన్నయ్యగారూ! ఈ ఏడు యూనిఫాంల గిరాకీ వదులుకోను. ఎవరినీ బతిమాలక్కర్లేదు," అని ఆవిడ కనపడ్డప్పుడల్లా చెప్పి మురిసిపోయేది.

ఎండాకాలం చివర్లో పని మొదలైంది. వీధి మొదట్లో తాడు కట్టి, దానికి మేస్త్రీ ఒక అట్ట వేలాడదీశాడు. "రోడ్డు పని జరుగుచున్నది. పని ఉన్నవారికి మాత్రమే ప్రవేశం." కూలివాళ్ళకే అని పాపం అతని ఉద్దేశం. వీధివాళ్ళు గోడ వారగా పరిచిన చెక్కల మీద నడిచి వెళ్ళాలి. బళ్ళు పది రోజులు బయటే. తాడు దగ్గర కాపలాకి పైడమ్మను పెట్టాడు. ఆవిడ విజయనగరం వైపు నుంచి పనికి వచ్చింది. వేసిన సిమెంటు మీద గోనెసంచులు పరిచి తడపడం కూడా ఆవిడ పనే.

ఆ మధ్యాహ్నం గవర్రాజు స్కూటరు ముందు పనసకాయ పెట్టుకుని వచ్చాడు.

"ఆగు బాబూ, బండి ఎల్లకూడదు. పొద్దున్న ఏసిన సిమెంటు," అంది పైడమ్మ.

"ఆ అట్ట మీద ఏం రాసుందో తెలుసా?"

"నాకు సదువు రాదు బాబూ."

"నేను చదువుతా, విను. పని ఉన్నవారికి మాత్రమే ప్రవేశం. నాకు పనుంది. ఈ కాయ ఇంటికి చేర్చాలి, పొట్టు కొట్టాలి, కూర తినాలి. ఒకటి కాదు, మూడు పనులు!"

"అలాగ రాసుందేటి?"

"అక్షరం తేడా లేదు!"

చదువుకున్న మనిషి చెబుతుంటే కాదనడం ఎలాగని పైడమ్మ తాడు ఎత్తింది.

గోనెసంచుల కింద సిమెంటు గట్టిగానే కనిపించింది. స్కూటరు పది గజాలు దర్జాగా వెళ్ళింది. కనకరత్నం గుమ్మం ముందుకు వచ్చేసరికి ముందు చక్రం కసుక్కున దిగిపోయింది. గవర్రాజు కంగారుగా బండి రేజ్ చేశాడు. వెనక చక్రం ఇంకా లోతుగా తవ్వుకుంది. పనసకాయ దొర్లి సిమెంటులో పడింది. ఆయన కిందికి దిగాడు. చెప్పులు అతుక్కుపోయాయి. ఈసారి ఒకటి కాదు, రెండూ విడిచాడు.

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నవ్వింది. గవర్రాజు ఏదో ఒక మాట వెతుక్కుంటూ తలెత్తాడు. ఎదురుగా అరుగు మీద కనకరత్నం ఉంది. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. ఆవిడ తన బండి దింపుకోవడానికి కట్టించుకున్న వాలు సరిగ్గా ఎక్కడ రోడ్డుని కలుస్తుందో, అక్కడే జానెడు లోతు గాడి పడింది.

"మా గుమ్మం ముందేనా అన్నయ్యగారూ?" అని మాత్రం అంది.

గవర్రాజుకి సిగ్గేసింది. ఎత్తిన తల దించుకున్నాడు.

ఇంతలో పైడమ్మ నీళ్ళ బకెట్టుతో వచ్చింది. "బాబూ, పనున్నోళ్ళకే లోపల సోటని నువ్వే సదివావు. నాను నమ్మినాను. ఇప్పుడు మేస్త్రీ సేత నాను తిట్లు తినాల. మరి లోపలికొచ్చినోడివి, పని సెయ్యి!" అని బకెట్టు చేతిలో పెట్టింది.

"అక్షరం తేడా లేదోయ్ గవర్రాజూ!" అని ఎవరో అరిచారు.

అందులోనూ సందు వెతకవచ్చు. ఆయన వెతకలేదు. మేస్త్రీ రాగానే తానే ఎదురెళ్ళి, "తప్పు నాది, ఆవిడది కాదు," అన్నాడు. చెడిపోయిన మేర తవ్వేసి మళ్ళీ వేస్తుంటే పంచె ఎగ్గట్టి తట్టలు మోశాడు. రోజూ పొద్దునా సాయంత్రం పైడమ్మ చెప్పినట్టల్లా గోనెసంచులు తడిపాడు. సిమెంటు పూసుకున్న పనసకాయని ఆయన భార్య గుమ్మం తొక్కనివ్వలేదు.

ఏడో రోజున ఆయన బావమరిది మోటారుసైకిలు మీద వచ్చి, అట్ట చదివి, కన్ను గీటాడు. "నాకూ పనుంది బావా!"

గవర్రాజు బకెట్టు చాపాడు. బావమరిది బండి దిగి, చెక్కల మీద నడిచి వెళ్ళాడు.

బడులు తెరవడానికి రెండు రోజుల ముందు తాడు విప్పారు. మొదటి బండి కనకరత్నంది కావాలని వీధంతా ఆగింది. మూడు చక్రాల బండి వాలు మీంచి దిగి, చిన్న కుదుపైనా లేకుండా పెద్ద రోడ్డు దాకా సాగిపోయింది. మలుపులో ఆవిడ వెనక్కి తిరిగి గంట మోగించింది. పైడమ్మ నడుం మీద చేతులు వేసుకుని నవ్వింది. గవర్రాజుకి మాత్రం ఎందుకో కళ్ళు చెమర్చాయి.

నియమంలో సందు వెతికేవాడు ఎదుటివారి దారి పాడుచేస్తాడు; ఆ నియమం ఎవరి మేలు కోరి పెట్టారో గ్రహించినవాడే నిజంగా చదువుకున్నవాడు.