మిస్సయిపోయానే, గైరమ్మా

అనగనగా, రైలు కాసేపే ఆగే ఒక చిన్న ఊళ్ళో గైరమ్మ అని ఒకావిడ ఉండేది, బంగారూ. స్టేషన్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకునేది. ఆవిడ పక్కనే సూరీడమ్మ పూలు అమ్మేది. ఇద్దరికీ ప్రాణస్నేహం. ఒకే గిన్నెలో చద్దన్నం తినేవాళ్ళు.

ఆ తర్వాత సూరీడమ్మకి మోకాళ్ళు అరిగిపోయి, రాయగడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి ఫోన్ చేసింది. మనవరాళ్ళ దగ్గర నేర్చుకున్న మాటతో, "నిన్ను బాగా మిస్సయిపోయానే, గైరమ్మా" అంది.

గైరమ్మకి ఆ మాట తెలుసు. బండి అందనివాళ్ళు రోజూ అనేదే. "మిస్సయితే అయిందిలే, ఇంకో బండి ఎక్కుదాం" అని కాయలు కొనుక్కుని తింటూ కూర్చునేవాళ్ళు. 'అంటే నేనూ పోయిన బండినేనా? ఇంకెవర్నో చూసుకుందా?' అనుకుంది. అడగలేదు. "సరేలే" అని ఫోన్ పెట్టేసింది.

కొన్నాళ్ళకి సూరీడమ్మ మళ్ళీ చేసింది. గైరమ్మ ఎత్తలేదు. దీపావళికి చేసింది. ఎత్తలేదు. మనవరాలి పెళ్ళికి పిలుద్దామని చేసింది. అప్పుడూ ఎత్తలేదు. ఆ తర్వాత ఫోన్ మోగడమే మానేసింది.

ఏళ్ళు గడిచాయి. ఒక వేసవిలో ఊరి బళ్ళో పంతులమ్మకి బదిలీ అయింది. పిల్లలంతా స్టేషన్‌కి వచ్చి, "మిస్, మిమ్మల్ని మిస్సవుతాం" అని ఒకటే ఏడుపు.

"మిస్సంటే పంతులమ్మే కదా తల్లీ. మళ్ళీ మిస్సవడమేటి?" అని అడిగింది గైరమ్మ.

"నేను లేకపోతే వీళ్ళకి బెంగగా ఉంటుందని, మామ్మా" అంది పంతులమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

గైరమ్మ గంప దించేసి అక్కడే కూలబడింది.

మర్నాడే రాయగడ బండెక్కింది. సూరీడమ్మ చూడగానే గుర్తుపట్టి, నోరారా నవ్వింది. అప్పుడు గైరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, తను ఏమనుకుందో, ఎందుకు అలిగిందో అంతా గబగబా చెప్పేసింది. సూరీడమ్మ నవ్వుతూనే ఉంది.

"అమ్మకి చెవులు పోయాయి, పిన్నీ" అంది కూతురు మెల్లగా. "వినపడినన్నాళ్ళూ నీ ఫోన్ కోసమే చూసింది."

గైరమ్మ ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. సూరీడమ్మ మాత్రం మొహంలోకి వంగి చూస్తూ, "ఏటన్నావే? ఏటన్నావు?" అని అడుగుతూనే ఉంది.

కథ వెళ్ళింది కంచికి, మనం చేరాం ఇంటికి, నిద్ర రావాలి నీ కంటికి.