మణికట్టు సాక్ష్యం

"సార్, లైసెన్సు చేతికొచ్చాక నేను స్మార్ట్‌వాచీ కట్టుకోనా, మామూలు ముళ్ళ వాచీ కట్టుకోనా?" అని హిమజ అడిగింది. అడిగింది కెప్టెన్ దైవాధీనం గారిని.

నల్లమల కొండలకు ఇవతల, మిరప పొలాల మధ్య ఉన్న మా ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పే గురువు ఆయన. వయసులో ఉన్నప్పుడు పైర్లకు మందు చల్లే విమానాలు నడిపారు. తర్వాత జీవితమంతా మాలాంటి వాళ్ళకు నేర్పడంతోనే గడిచింది. సొంత సరదాకు విమానం నడుపుకునే వ్యాపారులు, లాయర్లు, నాలాంటి రిటైరైన ఇంజనీర్లు అందరం ఆయన చేతి కింద దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్ళమే. ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. వినేవారు, టీ తాగేవారు, ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని అయ్యేసరికి ప్రశ్న అడిగినవాడే తలవంచుకుని వచ్చేవాడు.

హిమజ అద్దంకి అమ్మాయి. లైసెన్సు పరీక్ష దగ్గరపడింది. పాసైతే వాచీ కొనిపెడతానని మేనమామ మాటిచ్చాడు. ఏది కొనాలో తేల్చుకోలేకపోవడానికి కారణం మా క్యాంటీన్. నెల రోజులుగా అక్కడ మరో మాట లేదు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలున్న గౌరీపతి కొత్తగా ఒక స్మార్ట్‌వాచీ కొన్నాడు. అది ఎత్తు చెబుతుంది, దిక్కు చెబుతుంది, గుండె వేగం చెబుతుంది, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కూడా చెబుతుంది. ఆయన స్నేహితుడు లాయరు రంగనాయకులుకు అదంతా వెటకారం. ఆయన చేతికి రోజూ కీ ఇచ్చుకునే పాత వాచీ ఉంటుంది. "ఛార్జింగ్ అయిపోతే నీ పైలట్ పనీ అయిపోయినట్టేగా" అంటాడు రంగనాయకులు. "కీ ఇవ్వడం మరిచిపోతే నీదీ అంతేగా" అంటాడు గౌరీపతి. ఇద్దరికీ లైసెన్సులున్నాయి, ఇద్దరూ కలిసే ఎగురుతారు.

కెప్టెన్ గారు హిమజ ప్రశ్న విని, బయట రన్‌వే వైపు చూశారు. గౌరీపతి తన నాలుగు సీట్ల విమానాన్ని సిద్ధం చేసుకుంటున్నాడు. సాగర్ నీళ్ళ మీదుగా ఒక చుట్టు తిప్పుతానని భార్య వకుళను తీసుకొచ్చాడు. రంగనాయకులు ముందు సీట్లో కూర్చోబోతున్నాడు.

"వెనక ఒక సీటు ఖాళీగా ఉంది. వెళ్ళి రా. రెండు వాచీలూ పక్కపక్కనే ఉంటాయి. ఏది ఎందుకు పనికొచ్చిందో చూసొచ్చి నువ్వే నాకు చెప్పు" అన్నారు.

ఆ తర్వాత పైన జరిగింది హిమజ చెప్పగా విన్నాను, కింద జరిగింది కళ్ళారా చూశాను. రెండూ కలిపి చెబుతున్నాను.

డిసెంబరు పొద్దు. ఎనిమిది వేల అడుగులకు చేరేసరికి కాళ్ళు కొంకర్లు పోయేంత చలి. గౌరీపతి హీటరు వేశాడు. కింద సాగర్ నీళ్ళు పలకలా మెరుస్తున్నాయి. ముందు సీట్లలో వాచీల గొడవ మొదలైంది. ఇంకాసేపటికి ఫలానా ఊరి మీదికి వస్తామని గౌరీపతి వాచీ చెబితే, రంగనాయకులు తన ముళ్ళు చూసుకుని కాదంటున్నాడు.

వకుళ నుదురు పట్టుకుంది. "ఏమండీ, తల పగిలిపోతోంది. కిందికి దిగుదామా?"

"ఇప్పుడేగా ఎక్కాం" అన్నాడు గౌరీపతి, వెనక్కి తిరగకుండానే.

కాసేపటికి ఆవిడ మళ్ళీ అంది. "మామూలు తలనొప్పి కాదండీ. కళ్ళు తిరుగుతున్నాయి. కడుపులో తిప్పుతోంది."

గౌరీపతి విసుగ్గా తన వాచీ విప్పి వెనక్కి అందించాడు. "హిమజా, ఇది ఆంటీ చేతికి పెట్టు." వాచీ అడుగున చిన్న దీపం వెలిగింది. కాసేపు ఆలోచించి అంకె చూపించింది. హిమజ చదివింది. తొంభై ఎనిమిది.

"విన్నావా? ఒంట్లో ఆక్సిజన్ తొంభై ఎనిమిది. కుర్రవాళ్ళకు కూడా అంత ఉండదు. నీకు ఏమీ లేదు వకుళా, అంతా భయం."

రంగనాయకులు నవ్వాడు. "ఆ బొమ్మల వాచీ మాట ఎందుకు? చెయ్యి ఇలా ఇవ్వమ్మా." ముందు సీట్లోంచి మెలితిరిగి ఆవిడ నాడి పట్టుకుని, తన వాచీ సెకన్ల ముల్లు చూస్తూ లెక్కపెట్టాడు. "కొంచెం వేగంగా ఉంది. భయపడితే అంతే. వాడన్నది నిజమే."

నెల రోజులుగా ఒక్క విషయంలోనూ కుదరని ఆ రెండు వాచీలూ ఆ పూట ఒక్క మాట మీదికి వచ్చాయి. ఆవిడకు ఏమీ లేదు.

వకుళ తన చేతి మీది అంకెను చూసింది. హిమజ వైపు వంగి, "నొప్పి నా తలలో ఉందంటే వాళ్ళు నా చెయ్యి చూస్తారేంటమ్మా?" అంది నెమ్మదిగా. హిమజ, "సర్దుకుంటుంది ఆంటీ" అంది. నిజానికి ఆ పిల్లకు కూడా నుదురు బరువుగానే ఉంది. పొద్దున టిఫిన్ తినలేదు కదా, అందుకే అనుకుంది. లైసెన్సులున్న ఇద్దరు మగవాళ్ళు ఏమీ లేదని తేల్చాక, పరీక్ష కూడా పాసవని తను ఏమనగలదు? వకుళ తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది.

కింద రేడియో దగ్గర కెప్టెన్ గారు, నేను కూర్చుని ఉన్నాం. మా క్లబ్బు రేడియోలో సగం తెలుగే నడుస్తుంది. ఎక్కడున్నారని ఆయన అడిగారు. గౌరీపతి ఒక జవాబు చెప్పాడు. ఆగి, అదే జవాబు మళ్ళీ మొదటిసారి చెబుతున్నట్టు చెప్పాడు. కుడివైపు ఉండవలసిన కొండను ఎడమవైపు ఉందన్నాడు. కెప్టెన్ గారి కనుబొమలు ముడిపడ్డాయి.

"వెనక వాళ్ళెలా ఉన్నారు?"

"వకుళకి కాస్త తలనొప్పంట సార్. కంగారేం లేదు. వాచీ పెట్టి చూశాం, తొంభై ఎనిమిది."

"ఎంత ఎత్తులో ఉన్నావు?"

"ఎనిమిది వేలు."

కెప్టెన్ గారు టీ గ్లాసు పక్కన పెట్టారు. "ఎనిమిది వేల అడుగుల మీద తొంభై ఎనిమిదా?"

"అవును సార్. భేషుగ్గా ఉంది."

"హీటరు ఆపు."

"చలి సార్..."

"హీటరు ఆపవయ్యా! కిటికీలు తెరవండి, ఇద్దరూ! గాలి లోపలికి రానివ్వండి. కిందికి దించు, ఇప్పుడే!"

ఆయన అరవడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. అవతలి నుంచి జవాబు రాలేదు. పైన గౌరీపతి టైము చూసుకుందామని మణికట్టు ఎత్తి, వాచీ లేని చేతిని అలాగే చూస్తూ ఉండిపోయాడట. హిమజ ముందుకు వంగి, "సార్ ఆపమంటున్నారు!" అని అరుస్తూ హీటరు మీట తానే లాగింది. అప్పటికి రంగనాయకులుకు తెలివొచ్చి తన వైపు కిటికీ తోశాడు. చలిగాలి ఒక్క ఉరుకున లోపలికి కొట్టింది.

అక్కడి నుంచి దిగేదాకా కెప్టెన్ గారు గౌరీపతిని వదల్లేదు. వేగం ఎంత, ఎత్తు ఎంత, రన్‌వే కనపడుతోందా అని ఒక్కొక్కటీ అడుగుతూ, జవాబు చెప్పించుకుంటూ, చిన్నపిల్లవాడిని రోడ్డు దాటించినట్టు తీసుకొచ్చారు. విమానం రన్‌వే మీద ఒక గెంతు గెంతి, ఇంకో గెంతు గెంతి, పక్కకు కోసుకుపోయి మిరప చేను గట్టు దగ్గర ఆగింది. మేం పరుగెత్తాం.

వకుళను ఇద్దరం పట్టుకుని దించాం. గడ్డి మీద మోకాళ్ళూని వాంతి చేసుకుంది. మా మెకానిక్ ఇంజను మూత తెరిచి చూశాడు. పొగగొట్టం చుట్టూ ఉన్న రేకు తీస్తే లోపల పగులు, దాని చుట్టూ మసి. విమానంలో వెచ్చదనమంతా ఆ గొట్టం మీదుగా వచ్చే గాలిదే. ఆ గాలితో పాటు ఇంజను పొగ కూడా లోపలికి వచ్చింది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోట అది ఎక్కి కూర్చుంటుంది. వాచీ దీపానికి రెండూ ఒకలాగే ఎర్రగా కనపడతాయి. విషాన్ని కూడా ఆక్సిజన్ కింద లెక్కగట్టి మంచి అంకె చూపిస్తుంది. అంత ఎత్తున ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా ఆ అంకె కొంత తగ్గాలి. తగ్గలేదని వినగానే కెప్టెన్ గారు గ్లాసు పక్కన పెట్టింది అందుకు.

నలుగురినీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం, ఆక్సిజన్ పెట్టారు, మర్నాటికి కోలుకున్నారు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఆసుపత్రికి తీసుకెళ్ళే కారు వచ్చేలోపు జరిగింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వకుళను నీడలో బెంచీ మీద పడుకోబెట్టాం. చల్లగాలి తగిలి మగవాళ్ళిద్దరికీ కాస్త ఓపిక వచ్చింది. ఓపిక రాగానే ఏం చేశారనుకున్నారు? ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు.

"నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను, ఆ వాచీని నమ్మొద్దని" అన్నాడు రంగనాయకులు.

"నీ వాచీ మాత్రం ఏం కనిపెట్టింది? ఇప్పుడు ఈ విషాన్ని కనిపెట్టే సెన్సర్ కూడా వచ్చే ఉంటుంది. ఇంకా మంచి మోడల్ తీసుకోవలసింది" అన్నాడు గౌరీపతి.

కెప్టెన్ గారు వాళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డారు.

"నోరు ముయ్యండి ఇద్దరూ! ఆ వాచీ తనకు చేతనైంది చేసింది. ఈ వాచీ కూడా నాడి సరిగ్గానే లెక్కపెట్టింది. వాటినేం అనకండి. వెనక కూర్చున్న మనిషి నా తల పగిలిపోతోందని రెండుసార్లు చెప్పింది. ఆవిడ మాట కొట్టిపారేయడానికి మీకు రెండు వాచీలు కావలసి వచ్చాయి!"

"కొట్టిపారేయలేదు సార్" అన్నాడు గౌరీపతి నీరసంగా. "భయపడుతోందేమో అనుకున్నాను. ఎక్కినప్పుడల్లా ఏదో ఒకటి అంటుంది."

"వెనక సీట్లో నేను కూర్చుని తలనొప్పిగా ఉంది గౌరీపతీ, దించు అంటే, నా చేతికి వాచీ కట్టేవాడివా?"

రంగనాయకులు కోర్టులో ఎన్నడూ మాటకు తడుముకోని మనిషి. అయినా మిరప చేను వైపు చూస్తూ నిలబడ్డాడు.

అంతలో, ముందే కబురు పెట్టిన ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కెప్టెన్ గారు విని, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని వాళ్ళ వైపు తిరిగారు.

"ఎంతసేపటి నుంచి ఆ గాలి పీల్చారో డాక్టరుగారికి తెలియాలంట. ఆవిడ మొదటిసారి తలనొప్పి అన్నప్పుడు టైమెంత?"

రంగనాయకులు చటుక్కున తన వాచీ చూసుకున్నాడు. గౌరీపతి వట్టి మణికట్టు చూసుకున్నాడు. హిమజ గుర్తు చేసుకోవాలని ప్రయత్నించింది. ఏడుపొక్కటే వచ్చింది.

"తెలియదండీ" అన్నారు కెప్టెన్ గారు ఫోన్లో. "వాచీ లేక కాదండీ, విమానంలో రెండున్నాయి."

బెంచీ మీద వకుళ కళ్ళు తెరవకుండానే తన చేతికున్న వాచీ పట్టీ విప్పింది. అది జారి కింద గడ్డిలో పడింది. ఎవరూ వంగి తియ్యలేదు.

హిమజ కళ్ళు తుడుచుకుని కెప్టెన్ గారి దగ్గరికి వచ్చింది. "సార్, నేను కూడా ఆ అంకె చూసి..." అని ఆగిపోయింది.

ఆయన కోపం ఇంకా చల్లారలేదు. అయినా గొంతు తగ్గించారు.

"వాచీ సంగతి తర్వాత చూద్దాం. ముందు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చో. ఏమైనా అంటే విను."