మోదుగులగట్టు తెడ్డు మల్లన్న

రండి, ముందుకు జరగండి. అక్కడ ఎండలో నిలబడితే సగమే వినపడుతుంది. ఆ సగం పట్టుకుని ఊరికి వెళ్లి వేరే కథ చెబుతారు. ఇప్పటికే చాలామంది చెప్పారు. పందిరి కింద చోటుంది, కూర్చోండి.

ఈ క్షేత్రం మోదుగులగట్టు. ఫాల్గుణంలో దూరం నుంచి చూస్తే గుట్టకు నిప్పంటుకుందేమో అనిపిస్తుంది. అంతా మోదుగు పూలే. పైన వెలసినవాడు మల్లన్న. దర్శనం చేసుకున్నవారు రెండు సంగతులు అడుగుతారు. త్రిశూలం ఉండవలసిన కుడిచేతిలో కలియబెట్టే కర్ర తెడ్డు ఎందుకుంది? స్వామి మనవైపు చూడక, ముఖం పక్కకు తిప్పుకుని తల వంచుకున్నాడేమిటి? వీటికంటే ముందు అడిగేది మరొకటి ఉంది. "అయ్యగారూ, రంగు ఎన్నింటికి చల్లుతారు? మధ్యాహ్నానికి మేము ఇంకో ఊరి హోలీ చూడాలి." ముప్పై రెండేళ్లుగా ఏటా ఇదే ప్రశ్న. మళ్లీ చెబుతాను, వినండి.

పూర్వం ఇక్కడ పన్నెండు కురుమ గడపలు ఉండేవి. గొర్లు కాచుకుని బతికేవారు. అప్పట్లో స్వామికి రూపం లేదు, గట్టు మీద గుండ్రటి శిల ఒకటే. తెగులు సోకి మందలు తుడిచిపెట్టుకుపోతున్న ఒక ఏడు, బీరయ్య అనే కాపరికి స్వామి కలలో కనిపించాడు. "కాముని పున్నమి నాడు, పొద్దు నడినెత్తి దాటకముందే, ఈ మోదుగు పూల రంగుతో నాకు స్నానం చేయించు. మీ మందలను నేను కాస్తాను. రంగు పడని ఏడు గట్టు దిగి వెళ్లిపోతాను" అన్నాడు. అలాగే చేశారు. తెగులు నిలిచింది.

బీరయ్య కాలం చేశాక తెడ్డు అతని భార్య కొంరవ్వ చేతికి వచ్చింది. రంగు కాచడం చూడటానికి తేలికే. తెల్లవారగానే పెద్ద మట్టికాగులో పూలు పోసి, చిటికెడు సున్నం వేసి, మంట పెట్టాలి. ఇక నడిపొద్దు దాకా తెడ్డు ఆగకూడదు. ఆగిందా, రేకులు అడుగున పేరుకుని మాడతాయి. కాగెడు రంగూ మసినీళ్లవుతుంది. అందుకే గడపకొకరు వంతులు వేసుకుని కలిపేవారు.

మందలు పెరిగాయి, మనుషులకు తీరిక వచ్చింది. పక్క ఊళ్లో కోలాటం బాగుంటుందట, తండాలో లంబాడీల హోలీ చూసి తీరాలట, ఏటి అవతల కాముడి బొమ్మను తాటిచెట్టంత చేస్తారట అని మొదలైంది. ఒక ఏడు ఇద్దరు వెళ్లారు. మరుసటి ఏడు నాలుగిళ్లు. మూడో ఏడు పున్నమి పొద్దున పన్నెండు గడపలూ బండ్లు కట్టాయి. "నువ్వున్నవ్ గదా అవ్వా, మేం గిట్ల చూసి గట్ల వస్తం" అన్నారు. డెబ్బై ఏళ్ల కొంరవ్వ ఒక్కతే మిగిలింది.

ఇక్కడే ఉంది విడ్డూరం. ఆ ఊళ్లవాళ్లయినా తమ ఊళ్లలో ఉన్నారా? లేరు. మోదుగులగట్టు రంగు గొప్పదని విని వాళ్లంతా ఇక్కడికి వచ్చారు. జాము పొద్దెక్కేసరికి కాగు చుట్టూ అరవై మంది. అందరూ చేతులు కట్టుకుని నిలబడినవారే.

"అవ్వా, ఎప్పుడు మొదలైతది?" అన్నాడొకడు.

"మొదలైంది. కనబడ్తలేదా?" అంది కొంరవ్వ.

"ఇది కాదు, పండుగ."

"ఇదే పండుగ. జర ఈ తెడ్డు పట్టు, రెక్కలు గుంజుతున్నయి."

"మేం చూడనీకి వచ్చినమవ్వా."

ఒకామె కాగులోకి తొంగిచూసి, పోయినేడు చూసిన ఊళ్లో రంగు ఇంతకంటే చిక్కగా ఉందని చెప్పింది.

"అయితే ఆడికే పో తల్లీ. గాలికి అడ్డం నిలబడకు" అంది కొంరవ్వ.

నడిపొద్దుకు ఇంకా కొంత వ్యవధి ఉందనగా ఆమె కుడిచేయి తిమ్మిరెక్కి వేలాడిపోయింది. ఎడమచేత్తో కలిపింది. అదీ ఆగింది. మాడువాసన మొదలైంది. ఆమె గట్టు వైపు తిరిగి, "పోతే పో మల్లన్నా. నీకు గూడ ఊళ్లు చూడాలని ఉన్నదేమో. బీరయ్యకు నేనేం జెప్పుకోవాలె?" అని కూలబడింది.

అప్పుడు గొంగడి కప్పుకున్న కాపరి ఒకడు గుంపులోంచి వచ్చి తెడ్డు అందుకున్నాడు. ఎవరూ ఎరగని మనిషి. కొంరవ్వ మురిసిపోయిందా? లేదు. పొద్దుటి కోపమంతా అతని మీదే పోసింది.

"ఎన్నడన్న తెడ్డు పట్టినవానయ్యా? పైపైన తిప్పుతవేంది, అడుగు తగలాలె."

అతడు అడుగు తగిలేలా తిప్పాడు.

"గంత జోరు గాదు, కాగు పలుగుతది."

మెల్లగా తిప్పాడు.

"పొద్దటి సంది ఏడ జచ్చినవ్ మరి?"

ఆ మాటకు అతడు ముఖం పక్కకు తిప్పుకుని, తల వంచుకుని, "వచ్చిన గదవ్వా" అన్నాడు. చేయి మాత్రం ఆపలేదు.

అది చూసి ఒకడు కట్టెలు ఎగదోశాడు. ఒకామె నీళ్లు తెచ్చింది. రంగు చిలకముక్కు ఎరుపుకు తిరిగింది. నడినెత్తి దాటకముందే కడవలు నింపుకుని అందరూ గట్టెక్కారు. కాపరి ఏడని వెతికితే కాగు దగ్గర లేడు. పైన చూస్తే గుండ్రటి శిల లేదు. దాని చోట గొంగడి కప్పుకున్న మూర్తి, చేతిలో తెడ్డు, పక్కకు తిరిగి వంగిన ముఖం. కొంరవ్వ మొదటి చెంబు పోసి, "తిడితి గదయ్యా" అంది. స్వామి తల ఎత్తలేదు. గట్టు దిగి పోనూ లేదు.

సాయంత్రానికి పన్నెండు గడపలవాళ్లూ దుమ్ము కొట్టుకుపోయి తిరిగొచ్చారు. "ఏ ఊళ్లె సూసినా మనిషి లేడవ్వా" అన్నారు.

"ఏడుంటరు? అందరు ఈడ్నే ఉండిరి" అంది కొంరవ్వ.

ఆనాటి నుంచి నియమం ఒకటే. ఎంతటివారైనా తెడ్డు పట్టి, గడపకొకటి చొప్పున పన్నెండు చుట్లు అడుగు తగిలేలా తిప్పాలి. అప్పుడే వారి మీద రంగు చల్లుతాం. కొంరవ్వ వంశపు ఆడపడుచు పక్కన నిలబడి తిడుతుంది. ఆ తిట్లు ప్రసాదం. స్వామే పడ్డాడు, మనమెంత? ఆ తిట్లు పడ్డవారి ఇంట పాడి, మంద చల్లగా ఉంటాయని నమ్మకం. నిరుడొకాయన, "నేను వీడియో తీసుకుంటాను, నా బదులు మా డ్రైవరు తిప్పుతాడు" అన్నాడు. సరే అన్నాం. రంగు డ్రైవరు మీద పడింది.

ఊళ్లు తిరగవద్దని నేననను, స్వామీ అనలేదు. తండా హోలీ చూడండి, ఏటి అవతలి కాముణ్ణీ చూడండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఏ ఊరి పండుగకు వెళ్లినా, ఎప్పుడు మొదలవుతుందని అడగకముందు, అక్కడ అలసిన చేయి ఎవరిదో చూసి ఆ పని అందుకోండి. తరువాతి ఊళ్లోనూ అదే చేయండి.

ఇక లేవండి. కాగు దగ్గర ఆ తిట్టే ఆడపడుచు పిలుస్తోంది.