సూరప్పడి పిక్కల మీద పండిన ఉప్పు

సముద్రం ఒడ్డున ఇసకలపేట అని ఒక ఊరుంది. ఆ ఊరి తెలివంతా తమ ఒక్క ఇంట్లోనే మూటగట్టి ఉందని గైరమ్మకు గట్టి నమ్మకం. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే: గైరమ్మ, ఆమె మొగుడు పైడయ్య, మరిది సూరప్పడు. పోయిన వానాకాలం కప్పు కారుతుంటే, కారే చోట్లు మర్చిపోకూడదని ఆ వానలోనే నిచ్చెనేసుకుని ఎక్కి సుద్దముక్కతో గుర్తులు పెట్టొచ్చిన బుర్రలు. "ఈ ఉపాయం ఊళ్ళో ఇంకెవరికైనా తట్టిందేటి?" అని గైరమ్మ ఇప్పటికీ అడుగుతుంది. నిజమే, ఎవరికీ తట్టలేదు.

అంత తెలివున్నా ఆమెకు సొంత ఉప్పుమడి లేదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఊళ్ళోవాళ్ళ మడుల్లో ఉప్పు తట్టలు మోసి మోసి నడినెత్తిన జుట్టు అరిగిపోయింది. చచ్చేలోగా ఒక్క మడి గట్టు మీదైనా 'ఇది నాది' అనుకుని కూర్చోవాలని ఆమె కోరిక. సైన్సు చెప్పి రిటైరైన సదాశివం మాస్టారికి మోకాళ్ళ నొప్పులు పట్టుకుని, తన మడి ఎవరికైనా అప్పగిద్దామని చూస్తున్నారని తెలిసింది. అంతే! గైరమ్మ ఇద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

మాస్టారు పాఠం చెప్పకుండా ఉండలేని మనిషి.

"ఉప్పంటే ఏమనుకున్నారు? ఖనిజం. పలుగురాయిలాగే దానికీ ప్రాణం లేదు. ఎండకు నీళ్ళు ఆవిరైపోతుంటే, కరిగి ఉన్న ఉప్పు ఇక ఆ నీళ్ళలో ఇమడలేదు. ముందు ఒక నలుసు దేన్నైనా పట్టుకుని గట్టిపడుతుంది. దాని మీద ఇంకోటి, పక్కన మరోటి, ఇటుకలు పేర్చినట్టు వరస తప్పకుండా చేరతాయి. అందుకే ఏ ఉప్పుగల్లు చూసినా చిన్న పెట్టెలా చదరంగా ఉంటుంది. దాన్నే స్ఫటికం అంటారు. గబగబా ఆరితే పిండి ఉప్పు, నిదానంగా ఆరితే పెద్ద గల్లు. తెలిసిందా?"

ముగ్గురూ తలలూపారు.

"మడిలో నీళ్ళు చిక్కబడే ఉన్నాయి. మూడు రోజులు వాటిని కదపొద్దు. ఆ తరవాత ఒక్క దోసెడు మంచి గల్లుప్పు తెచ్చి నాకు చూపించండి. మడి మీకిచ్చేస్తాను."

ఇంకేముంది, గైరమ్మకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

మడి దగ్గరికి వెళ్ళి చూస్తే గాలికి నీళ్ళు అల్లల్లాడుతున్నాయి.

"ఓలమ్మో, నీళ్ళు కదిలిపోతన్నాయి!" అని గైరమ్మ గుండె బాదుకుంది. "సూరప్పా, దిగి అదిమి పట్టీ!"

సూరప్పడు పంచె ఎగ్గట్టి మడి మధ్యకు దూకాడు. ఒక అలను అరచేత్తో అదిమితే ఇంకోటి లేచింది. దాన్ని అదిమేసరికి పక్కన నాలుగు లేచాయి. అడుగున మట్టి లేచి నీళ్ళు ఎర్రబడ్డాయి.

"ఒరే, నువ్వే కదిపేత్తన్నావు! బయటికొచ్చీ!" అని పైడయ్య అరిచాడు.

సూరప్పడు ఒక కాలెత్తి ఆగిపోయాడు. "వత్తే మళ్ళీ నీళ్ళు కదుల్తాయి కదన్నా?"

గైరమ్మ మరిదిని మెచ్చుకోలుగా చూసింది. ఎంతైనా తమ ఇంటి మనిషి! "అలాగైతే ఉప్పు పండేదాకా అక్కడే నిలబడిపో నాయినా," అంది.

అంతే. సూరప్పడు మూడు రోజులు మడిలో పాతేసిన గుంజలా నిలబడ్డాడు. నమిలితే దవడలు కదిలి, దవడలు కదిలితే నీళ్ళు కదుల్తాయని అన్నం మాన్పించారు. వెదురు గడ చివర ముంత కట్టి గట్టు మీద నుంచే జావ తాగించారు. ముక్కు మీద ఈగ వాలితే తోలడానికి లేదు. పైడయ్యే గట్టు మీద నుంచి ఆ ఈగను నానా తిట్లూ తిట్టాడు. దానికి సిగ్గులేదు, వెళ్ళలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి నీళ్ళు ఇగిరి, మడి అడుగంతా గల్లు పరుచుకుంది. గైరమ్మకు ఆనందంతో ఏడుపొచ్చింది. సూరప్పణ్ణి పైకి లాగి, ఉప్పంతా గట్టు మీదికి చేర్చితే ఐదు తట్టలైంది. కాని సూరప్పడు తొక్కిన మట్టి కలిసి అక్కడక్కడా ఎర్రగా ఉంది.

"మంచి ఉప్పు చూపించమన్నారు కదా, ఈ మురికిదెలా పట్టుకెళ్తాం?" అని గైరమ్మ తట్ట నెత్తికెత్తుకుంది. "కడిగీసి పట్టుకెళ్దాం."

మొదటి తట్టను మంచినీళ్ళ కాలవలో ముంచి, బాగా రుద్ది పైకెత్తారు. తట్ట ఖాళీ.

"చూసినావా! తట్టెడు ఉప్పులో తట్టెడూ మురికే!" అని పైడయ్య ముక్కున వేలేసుకున్నాడు.

రెండో తట్టలోనైనా మంచిది ఉంటుందేమోనని దాన్నీ కడిగారు. అదీ మురికే. మూడోది, నాలుగోది, ఐదోది... ఇంకేముంది, కాలవ దిగువన నీళ్ళు తాగిన గేదె ఒకటి మొహం అదోలా పెట్టింది.

గైరమ్మ గట్టు మీద కూలబడి బావురుమంది. మడి పోయింది. ఇక ఈ జన్మంతా పరాయి తట్టలే మోయాలి.

"వదినా, ఏడవకు గాని, నా కాళ్ళు ఒకటే దురద," అన్నాడు సూరప్పడు.

చూస్తే ఏముంది! మోకాళ్ళ నుంచి మడమల దాకా, పిక్కల మీది ఒక్కో వెంట్రుకనూ పట్టుకుని గల్లు పేరుకుంది. ఒక్కోటీ శనగగింజంత, చదరంగా, తెల్లగా తళతళలాడుతోంది. రెండు కాళ్ళవీ కలిపితే దోసెడుకు తక్కువ ఉండదు.

"గోకీవు సుమా!" అని కేకేసి, గైరమ్మ పరుగున వెళ్ళి ఇంట్లోంచి నులకమంచం తెచ్చింది. దాని మీద సూరప్పణ్ణి కూర్చోబెట్టి, చెరో వైపూ ఎత్తుకున్నారు. ఒక్క గల్లు రాలకూడదని అడుగులో అడుగేసుకుంటూ ఊరంతా నడిచారు. దారిలో ఎదురైనవాళ్ళు ఎవరికేమైందని అడిగినా గైరమ్మ తల తిప్పలేదు. ఆమె చూపంతా ఆ పిక్కల మీదే.

మాస్టారి గుమ్మంలో మంచం దించారు. మాస్టారి భార్య నిండు బిందె, చెంబు పట్టుకొచ్చి పెట్టింది. "ఎండన పడి వచ్చారు. కాళ్ళు కడుక్కుని లోపలికి రండమ్మా, మాస్టారు మీ కోసమే చూస్తున్నారు."

గైరమ్మ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా ఎన్ని ఇళ్ళకు ఉప్పు మోసిందో లెక్కలేదు గాని, చుట్టాలకు ఇచ్చినట్టు కాళ్ళకు నీళ్ళిచ్చిన గుమ్మం ఒక్కటీ లేదు. అంత మర్యాద చేసినప్పుడు తాము మాత్రం మర్యాద తప్పుతారా? తనవి కడుక్కుంది, మొగుడివి కడిగించింది. సూరప్పడి కాళ్ళయితే తనే కూర్చుని, కొబ్బరిపీచు అడిగి తెచ్చుకుని, బిందెడు నీళ్ళూ పోసి మోకాళ్ళ దాకా తోమింది.

ముగ్గురూ లోపలికి వెళ్ళారు. సూరప్పడు మాస్టారి ముందు కూర్చుని కాళ్ళు బారజాపాడు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని కాళ్ళ వైపు చూశారు, వాళ్ళ మొహాల వైపు చూశారు. "ఏదమ్మా ఉప్పు?"

"ఈ పిక్కల నిండా ఉండేదండి మాస్టారూ!" అంది గైరమ్మ, మొహం వెలిగిపోతుంటే. "ఒక్క గల్లు మిగల్చకుండా తోమీసినాను. కావలిత్తే తడిమి చూసుకోండి. మరి మడి ఎప్పుడిత్తారు?"