ప్రెసిడెంటు గారి కారులో పాత నూనె

ఆ ఊరి ప్రెసిడెంటు భుజంగరావు గారికి ఒక పాత కారూ, దాన్ని మించిన డాబూ ఉండేవి. కారు ఏసీకి పట్టే పాత గ్యాసు బజారులో దొరకడం మానేసింది. దాంతో ఆ కారు, మెకానిక్ కనకలింగం షెడ్డు ముందు ఆగింది.

"కొత్త గ్యాసు కొట్టరా," అన్నారు ప్రెసిడెంటు గారు కారు దిగుతూనే.

"ముందు ఏసీ లోపలి పాత నూనె కడిగెయ్యాలండీ. కొత్త గ్యాసుతో అది కలవదు. కంప్రెసరు పట్టేస్తుంది."

"నాకే పాఠాలు చెప్తావా? పాత నూనె ఉంటే నీకేం నొప్పి? ఏసీ చెడిందో, నీ షెడ్డు పీకిస్తా!"

పక్కనున్న టీ బడ్డీలో జనం చెవులు రిక్కించారు.

కనకలింగం తాపీగా చేతులు తుడుచుకున్నాడు. "తమరు గెలిచిన రోజే మంచినీళ్ల పంపు తాళం నా దగ్గర్నుంచి లాక్కున్నారు. పాత ప్రెసిడెంటు మనిషి కొత్త ప్రెసిడెంటు దగ్గర పనికిరాడన్నారు. ఇప్పుడు పాతది ఉన్నా పరవాలేదంటే, ముందు నా తాళం నాకిప్పించండి. ఆ నూనె జోలికి పోను."

జనం పగలబడి నవ్వారు. భుజంగరావు గారు కారులోకి దూరి అద్దాలన్నీ ఎత్తేసుకున్నారు. లోపల ఏసీ పనిచెయ్యదన్న సంగతి అంతటి మనిషికీ చెమట చెబితే గానీ తెలియలేదు.

కాసేపటికి అద్దం వేలెడు దిగింది.

"ఆ నూనె తీసెయ్యరా," అంది లోపలి గొంతు.